విలియం జేమ్స్ పుస్తకం: కొవ్వొత్తి ఒకరు ఆర్పితే ఇద్దరికీ చీకటే

ముందే చెప్పేస్తున్నాను, కొనొచ్చు. 'ఎస్సేస్ ఇన్ రాడికల్ ఎంపిరిసిజం' (అన్నిటికీ అనుభవమే ఆధారం అనే ఫిలాసఫీ) అని అమెరికన్ ఫిలాసఫర్, సైకాలజిస్టు విలియం జేమ్స్ వ్యాసాల పుస్తకం, 1912లో లాంగ్‌మన్స్ గ్రీన్ వాళ్లు వేశారు, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. మొత్తం 12 వ్యాసాలు, 300 పేజీల లోపే. ఎదుటి మనిషికి కూడా నాకున్నట్టే లోపల ఒక మనసు ఉందని నాకెలా తెలుసు అనే ప్రశ్న మిమ్మల్ని ఎప్పుడైనా పట్టుకుని వదలకపోతే, దాని గురించి నేను చదివినవాటిలో ఇంత దగ్గరికొచ్చి మాట్లాడిన పుస్తకం ఇంకొకటి లేదు. కాకపోతే ఏ ప్రతి కొంటున్నారో చూసుకోవాలి, ఏ వరుసలో చదువుతున్నారో కూడా చూసుకోవాలి. మొదటి పేజీ నుంచి బుద్ధిగా మొదలుపెడితే మూడో వ్యాసం దగ్గర విసుగొచ్చి పక్కన పడేసే అవకాశం గట్టిగా ఉంది.

ముందు ఏ ప్రతి కొనాలో ఆ సంగతి. ఆన్‌లైన్లో తక్కువ ధరకి దొరికే రీప్రింట్లు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి నాకొచ్చింది, ఎవరిదో చెప్పను. పాత పుస్తకం స్కాన్ చేసి, కంప్యూటర్ గుర్తుపట్టిన అక్షరాలని మనిషన్నవాడు ఒక్కసారైనా చూడకుండా అచ్చేసినట్టుంది. పేజీ అడుగున ఉండాల్సిన ఫుట్‌నోట్లు వాక్యం మధ్యలోకి ఎక్కేశాయి, జేమ్స్ ఒక మాట మొదలుపెడతాడు, అది పూర్తవకుండానే ఇంకెవరి వ్యాసం పేరో, పేజీ నంబరో వచ్చి పడుతుంది, మళ్లీ నాలుగు లైన్ల కింద ఆ మాట మిగతా సగం. ఈ పుస్తకంలో ఫుట్‌నోట్లు చాలా ముఖ్యం, కొన్ని జేమ్స్‌వి, కొన్ని సంపాదకుడు రాల్ఫ్ బార్టన్ పెర్రీవి, అసలు ప్రతిలో పెర్రీ తనవాటికి విడిగా గుర్తు పెట్టాడు. ఈ రీప్రింట్లో ఎవరి మాట ఎవరిదో తెలియదు. చివర ఇండెక్స్ కూడా ఎగిరిపోయింది. కాపీరైట్ ఎప్పుడో అయిపోయిన పుస్తకం, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో శుభ్రంగా సరిచూసిన పాఠం ఉచితంగా ఉంది, దానికి డబ్బు పెట్టి తప్పుల ప్రతి కొనడం ఎందుకు? కాగితం మీదే చదవాలనుకుంటే అసలు పేజీలని ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి వేసిన ప్రతి వెతకండి. 1976లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన సంపాదిత ప్రతి అన్నిటికన్నా మంచిది, ఖరీదు ఎక్కువ, ఏదైనా పెద్ద లైబ్రరీలో దొరికితే అదృష్టం.

ఈ పుస్తకం ఎలా తయారైందో తెలిస్తే లోపలి అతుకులు ఎందుకున్నాయో అర్థమవుతుంది. ఇందులో ముఖ్యమైన వ్యాసాలు చాలావరకు 1904, 1905లలో, అప్పుడే కొత్తగా మొదలైన ఒక ఫిలాసఫీ పత్రికలో వెంటవెంటనే వచ్చాయి. 1907లో జేమ్స్ వాటి ప్రతులన్నీ ఒక కవర్లో పెట్టి పైన ఈ పేరు రాసుకున్నాడు, కొన్ని సెట్లు బైండు చేయించి హార్వర్డ్ లైబ్రరీలోనూ ఎమర్సన్ హాల్లోని ఫిలాసఫీ లైబ్రరీలోనూ విద్యార్థుల కోసం పెట్టించాడు. తనే పుస్తకంగా తిరగరాసే లోపు 1910 ఆగస్టులో పోయాడు. అందుకే ఒకే సంగతి రెండు మూడు చోట్ల కొత్తగా చెప్పినట్టు చెప్పడం, ఒక వ్యాసంలో లేపిన అనుమానానికి ఇంకో వ్యాసంలో సగం జవాబు దొరకడం. నాకు అది ఇబ్బందిగా అనిపించలేదు, ఒక పెద్దమనిషి తన ఆలోచనతో ఇంకా కుస్తీ పడుతుండగా పక్కన కూర్చుని చూస్తున్నట్టే ఉంటుంది.

అసలు విషయానికొస్తే, ఎదుటివాళ్ల మనసు గురించి మామూలుగా చెప్పే జవాబు ఇది: నాకు దెబ్బ తగిలితే నొప్పేస్తుంది, నొప్పేస్తే అరుస్తాను, నీకూ దెబ్బ తగిలింది, నువ్వూ అరిచావు, కాబట్టి మధ్యలో నీకూ నొప్పి ఉండే ఉంటుంది. ఇంగ్లీషు ఫిలాసఫర్ జాన్ స్టూవర్ట్ మిల్ 1865లో దీన్ని పద్ధతిగా రాసిపెట్టాడు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఉదాహరణ, అదీ నాది, దాన్ని పట్టుకుని లోకంలో ఉన్న అందరి మీదా తీర్పు చెప్పేస్తున్నాం. పైగా ఈ వాదన ఒప్పుకుంటే ప్రతి మనిషీ తన గదిలో తలుపేసుకుని కూర్చుని, బయట వినబడే చప్పుళ్లని బట్టి పక్కగదిలో ఎవరో ఉన్నారని ఊహించుకుంటున్నట్టే అవుతుంది. జేమ్స్ కూడా 1890లో తన పెద్ద సైకాలజీ పుస్తకంలో దాదాపు ఇదే రాశాడు. ఒకరి ఆలోచనకీ ఇంకొకరి ఆలోచనకీ మధ్య ఉన్న తెంపు ప్రకృతిలోకెల్లా పూర్తి తెంపు అన్నాడు. పద్నాలుగేళ్ల తరవాత అదే మనిషి ఈ పుస్తకం రెండో వ్యాసంలో, అంటే 'ఎ వరల్డ్ ఆఫ్ ప్యూర్ ఎక్స్‌పీరియన్స్'లో, ఇద్దరి మనసులు ఒకచోట కలుస్తాయి అని వాదిస్తున్నాడు. నేను ఈ పుస్తకం కొన్నది ఆ కొద్ది పేజీల కోసమే, డబ్బులన్నీ అక్కడే గిట్టుబాటయ్యాయి.

ఆయన మిల్ వాదనని విసిరికొట్టడు. నీకు మనసుందని నేనెందుకు నమ్ముతున్నాను, నీ ఒళ్లు కదిలే తీరు, మొహం, మాట, ఇవి చూసే కదా అని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, ఒక ప్రశ్న వేస్తాడు. నీ ఒళ్లు అని నేను అంటున్నది నాకు ఎక్కడ కనిపిస్తోంది? నా అనుభవంలోనే. నువ్వు లోపలినుంచి కదిలించే ఒళ్లూ నేను బయటినుంచి చూస్తున్న ఒళ్లూ ఒకటే కాకపోతే, నీ మొహం చూసి నీ మనసు గురించి నేను చెప్పేదానికి అర్థమే ఉండదు. ఒకటే అయితే, నీ మనసూ నా మనసూ ఇప్పటికే ఒకచోట కలిశాయి. నీ మనసు ఉందా లేదా అని తేల్చుకోవడానికి బయల్దేరినవాడు దారిలోనే ఇద్దరికీ ఉమ్మడిగా ఒక వస్తువుని ఒప్పేసుకున్నాడన్నమాట. ఒక్కసారి ఒంటి విషయంలో ఒప్పుకున్నాక మిగతా వస్తువుల విషయంలో ఒప్పుకోకపోవడానికి కారణం ఏముంది?

ఇక ఆ తరవాత ఉదాహరణలు, అన్నీ చేతికి తగిలేవే. నేను ఇక్కడే ఉండగా నువ్వు నీ లోకంలో ఉన్న కొవ్వొత్తి ఆర్పేస్తే నా కొవ్వొత్తి కూడా ఆరిపోతుంది. ఒక తాడు ఒక కొస నువ్వు పట్టుకుని ఇంకో కొస నేను పట్టుకుని ఇద్దరం లాగుతుంటే, మన చేతులు ఒకదానికొకటి తెలుస్తూ తాడు మాత్రం ఇద్దరికీ ఒకటి కాకుండా ఎలా పోతుంది? నీ ఒంటి మీద నేను వేలు పెట్టి 'ఇక్కడ' అంటే, ఆ స్పర్శ నీకు అక్కడ కాక ఇంకెక్కడ తెలుస్తుంది? ఇద్దరికీ కనిపించే రూపం ఒకటి కాకపోవచ్చు, నువ్వు అటునుంచి చూస్తున్నావు, నేను ఇటునుంచి, కానీ ఆ చోటు మాత్రం ఇద్దరికీ లెక్కకి ఒకటే అంటాడు. నా వస్తువుల్ని నువ్వు మారుస్తున్నావు కాబట్టే నువ్వున్నావని నేను అనుకోగలుగుతున్నాను, ఇది ఆయన మాట సారాంశం.

మా అమ్మకి స్ట్రోక్ వచ్చి మాట పోయింది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఆవిడ మొహంలోకి తొంగిచూసి, 'తెలుస్తోందా అమ్మా, గుర్తుపట్టావా' అని కళ్లలో ఏదో వెతికేవాళ్లు, తెలుస్తోందని కొందరు, లేదని కొందరు, ఆవిడ ముందే అనుకునేవాళ్లు. నాకు తెలిసింది ఆరేసిన చీర మడతపెట్టేటప్పుడు. కుడిచెయ్యి రాదు కాబట్టి రెండు మూలలూ ఎడమచేతిలోనే ఇరికించుకుని పట్టుకునేది, ఇటువైపు నేను. నేను తొందరలో అంచులు కలపకుండా మడిచేస్తే అటునుంచి గట్టిగా ఒక గుంజు గుంజేది. అంచు మీదకి అంచు సరిగ్గా వచ్చేదాకా వదిలేది కాదు, రాగానే చెయ్యి వదులయ్యేది. చీర ఎలా ఉండాలో ఆవిడకి తెలుసు, అలా లేదని తెలుసు, అటు పట్టుకున్నది నేనని, గుంజితే సరిచేస్తానని కూడా తెలుసు. జేమ్స్ తాడు గురించి రాసింది చదివినప్పుడు నాకు ఇది వాదనలా అనిపించలేదు, నాకు బాగా తెలిసిన ఒక పనిని ఎవరో నూరేళ్ల కింద సరిగ్గా రాసిపెట్టినట్టు అనిపించింది.

ఇదే ఆలోచన ఇంకా పదునుగా కావాలంటే ఆయనదే 'ది మీనింగ్ ఆఫ్ ట్రూత్' అని 1909 పుస్తకం, అందులో మొదటి వ్యాసం చదవండి, అది 1884 డిసెంబరులో లండన్‌లోని అరిస్టొటీలియన్ సొసైటీ ముందు చదివిన పేపరు. అక్కడ మూడు మెట్లు కడతాడు. నువ్వు నా లోకాన్నే ఉద్దేశించి మాట్లాడుతున్నావని నేను అనుకోవాలంటే ముందు నువ్వు దాన్ని కాస్తయినా కదిలించాలి, అందులో చాలా భాగాన్ని ఉద్దేశిస్తున్నావంటే చాలా భాగాన్ని కదిలించాలి, నేను ఉద్దేశించినట్టే ఉద్దేశిస్తున్నావని గట్టిగా నమ్మాలంటే, నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్నో అచ్చంగా అదే చేయాలి. ప్రాగ్మాటిజం (ఏ ఆలోచననైనా అది ఆచరణలో తెచ్చే తేడాని బట్టే అర్థం చేసుకోవాలనే పద్ధతి) అనే పేరు జనంలోకి వచ్చింది 1898లో ఆయన కాలిఫోర్నియాలో ఇచ్చిన ఉపన్యాసంతో, కానీ దాని ప్రాణమంతా ఈ 1884 పేపర్లోనే ఉందని నా నమ్మకం. ఈ వ్యాసం మనం మాట్లాడుకుంటున్న పుస్తకంలో లేకపోవడం నిజంగా లోటు.

నాలుగో వ్యాసం, 'హౌ టూ మైండ్స్ కెన్ నో వన్ థింగ్', పేరు చూసి అందరూ ముందు దానికే పోతారు. పోకండి. ఇది పుస్తకంలో అన్నిటికన్నా కష్టమైన భాగం, ఎందుకు కష్టమో తెలిసి వెళ్తే మంచిది. ఒక కలం, చూసేవాళ్లు ఇద్దరు. రెండు గీతలు కోసుకునే చోట ఉన్న చుక్క రెండు గీతల మీదా ఉన్నట్టే ఆ ఒక్క కలమూ రెండు మనసుల్లో ఉండొచ్చు అంటాడు. అనగానే ఆయన పాత మాటే ఆయనకి అడ్డం పడుతుంది. అనుభవం అంటేనే ఎలా అనిపిస్తే అలా ఉండేది, ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా అనిపిస్తే అది ఒకే అనుభవం ఎలా అవుతుంది? దానికి ఆయన జవాబు, అనుభవం జరిగే క్షణంలో ఎవరిదీ కాదు, ఊరికే ఉంటుంది, తరవాత వచ్చే ఇంకో అనుభవం దాన్ని వెనక్కి చూసి 'ఇది నాది' అని పట్టుకుంటుంది, అలా వెనక్కి చూసేవి రెండు ఉన్నా అడ్డేమీ లేదు, అని. తెలివైన జవాబే, కానీ నాకు తృప్తి కలగలేదు, ఆయనకీ కలగలేదు. డికిన్సన్ మిల్లర్, బోయిడ్ బోడ్ అనే ఇద్దరు లేపిన అభ్యంతరాల మీద 1905 చివరి నుంచి 1908 మొదలు దాకా ఒక నోట్‌బుక్ నిండా రాసుకుంటూ పోయాడు, ఒకటి రెండుగా ఎలా ఉంటుందనే ముడి విప్పడానికి. ఆఖరికి 1908లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, ఫ్రెంచి ఫిలాసఫర్ బెర్గ్‌సన్‌ని చదివిన ధైర్యంతో, ఒకటి రెండుగా ఉండలేదనే ఆ తర్కాన్నే ఇక్కడ వదిలేస్తున్నానని చెప్పేశాడు. అరవై దాటిన మనిషి, గుండెజబ్బుతో, ప్రపంచమంతా పేరున్నవాడు, ఒకే చిక్కు దగ్గర రెండేళ్లకి పైగా కూర్చోవడం, అది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గౌరవం కలిగించిన విషయం.

తొమ్మిదో వ్యాసం, ఈ ఫిలాసఫీ మనిషిని తన అనుభవంలోనే బంధించేస్తుందా అనే ప్రశ్నకి బోడ్‌కి ఇచ్చిన చిన్న జవాబు. పదో వ్యాసం ఇంకా చిన్నది, రెండూ ఒక్క కూర్చోడంలో అయిపోతాయి, అంతగా మిగిలేదేమీ లేదు.

ఇప్పుడు నా ఫిర్యాదు. చోటు ఉమ్మడి అయినంత మాత్రాన నొప్పి ఉమ్మడి కాదు. కొవ్వొత్తి, తాడు, కలం, వీటితో మనిద్దరం ఒకే లోకంలో ఉన్నామని తేలుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ అటువైపు నిజంగా ఎవరైనా ఉన్నారా, వాళ్లకి ఎలా ఉంటోంది, ఇది వేరే ప్రశ్న, ఈ పుస్తకం మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాని గుమ్మం దగ్గర ఆగిపోతుంది. 1908లో రాసిన ఇంకో వ్యాసంలో, అది కూడా 'ది మీనింగ్ ఆఫ్ ట్రూత్'లోనే ఉంది, ఒక ఫుట్‌నోట్లో జేమ్స్ ఈ రెండోదాన్ని ముట్టుకున్నాడు. నవ్వుతుంది, మాట్లాడుతుంది, సిగ్గుపడుతుంది, జబ్బు చేస్తే సేవ చేస్తుంది, ప్రాణమున్న అమ్మాయికీ ఆమెకీ తేడా కనిపెట్టలేం, కానీ లోపల ఎవరూ లేరు, అలాంటి మరబొమ్మ ప్రియురాలిని అసలు అమ్మాయితో సమానమని ఎవరైనా అనుకుంటారా అని అడుగుతాడు. అనుకోరు అంటాడు, ఎందుకంటే మనకి కావలసింది సేవ ఒక్కటే కాదు, మనల్ని లోపలినుంచి గుర్తించే, ప్రేమించే మనసు కావాలి, బయటి పనులకి విలువ వచ్చేది ఆ మనసుకి గుర్తులుగానే. రాత్రిపూట చాట్‌బాట్‌తో మనసు విప్పుకుంటున్నవాళ్లు ఇంతమంది ఉన్న ఈ రోజుల్లో ఆ ఫుట్‌నోట్ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఆ జవాబు నాకు చాలదు. లోపల మనసు ఉందని నమ్మకపోతే మన ప్రాణం ఒప్పుకోదు అనేది మన గురించిన నిజం, అవతల మనసు ఉందో లేదో అది చెప్పదు. 1884 మెట్లు పెట్టి చూసినా అంతే, యంత్రం కూడా దీపం ఆర్పగలదు, దాని చోట నేనుంటే ఏం చేసేదాన్నో అది చేయగలదు. ప్రాగ్మాటిస్టులని అభిమానించేవాళ్లు ఈ రెండు ప్రశ్నలనీ కలిపేసి సమస్య తీరిపోయిందనేస్తుంటారు, అలా అనకూడదు.

జేమ్స్ స్నేహితుడు, ఇంకో అమెరికన్ ఫిలాసఫర్ చార్లెస్ పర్స్ ఈ పుస్తకంలో దాదాపు కనిపించడు, అదీ లోటే. 1868లోనే పర్స్ అసలు వరుసే తిరగేశాడు. పొయ్యి కాలుతుందని పెద్దవాళ్లు చెప్తే పిల్లవాడు కాలదు అంటాడు, ముట్టుకుంటాడు, చెయ్యి కాలుతుంది, అప్పుడు తెలుస్తుంది తనకి తెలియనిది ఒకటి ఉందని, తెలియకపోవడం అనేది ఉండాలంటే 'నేను' అని ఒకటి ఉండాలని. అంటే నా మనసు నాకు ముందే తెలిసి, దాన్నుంచి నీ మనసుని ఊహించుకోవడం లేదు, నీ మాట ముందు, నా 'నేను' తరవాత. ఇది ఒప్పుకుంటే మిల్ ప్రశ్న మొదలవ్వాల్సిన చోటే మారిపోతుంది. మన దగ్గర కూడా ఈ ప్రశ్న పాతదే, ఏడో శతాబ్దపు బౌద్ధుడు ధర్మకీర్తి వేరే మనసులు ఉన్నాయని రుజువు చేయడానికే 'సంతానాంతరసిద్ధి' అని ఒక చిన్న గ్రంథం రాశాడు, టిబెటన్ అనువాదంలో మిగిలింది. బయట వస్తువులే లేవనే పక్షంలో నిలబడి కూడా ఎదుటివాడి మనసుని నిలబెట్టాలని చూశాడు ఆయన, జేమ్స్‌ని చదివాక అటు వెళ్తే ఇద్దరూ ఎక్కడ విడిపోతారో చూడటం చాలా బాగుంటుంది.

భాష గురించి ఒక మాట. ఫిలాసఫీ అంటే భయపడేవాళ్లు కూడా మొదటి వ్యాసం చదవగలరు. మీరు కూర్చున్న గది, చేతిలో పుస్తకం, అదే గది ఇంటి చరిత్రలోనూ ఉంది, మీ జీవితంలోనూ ఉంది, అంటూ వివరిస్తాడు, మనసులో తలుచుకున్న నిప్పు నిజం కట్టెల్ని కాల్చదు అంటాడు. మూడో వ్యాసం మాత్రం ఇంగ్లీషు ఫిలాసఫర్ బ్రాడ్లీతో గొడవ, బ్రాడ్లీని చదవనివాళ్లకి అందులో సగం గాలిలో ఉన్నట్టుంటుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ చవక రీప్రింట్‌కి మాత్రం ఒకటి. చదివే వరుస నన్నడిగితే, ముందు మొదటి వ్యాసం, తరవాత రెండో వ్యాసంలో ఇద్దరి మనసులు కలిసే భాగం, అక్కడ ఆపి గూటెన్‌బర్గ్‌లోనే 'ది మీనింగ్ ఆఫ్ ట్రూత్' తెరిచి 1884 పేపరు, మరబొమ్మ ఫుట్‌నోట్, అవి అయ్యాక తిరిగొచ్చి నాలుగో వ్యాసం. ఓపికుంటే 1899లో వచ్చిన ఆయన ఇంకో వ్యాసం, మనుషుల్లో ఉండే ఒక గుడ్డితనం గురించినది, అది కూడా కలుపుకోండి. నార్త్ కరోలినా కొండల్లో చెట్లు నరికి మొద్దులు మిగిల్చిన పొలాలు తనకి అసహ్యంగా కనిపించాయని, అక్కడి మనిషి నోట ఒక్క మాట విన్నాక అవే వాళ్లకి ఎంత గర్వమో తెలిసిందని రాస్తాడు, అటువైపు వాళ్లకి ఎలా ఉంటుందనే ప్రశ్నకి ఆయన అన్నిటికన్నా దగ్గరగా వెళ్లింది అక్కడే. ఇంకొకటి, ఎనిమిదో వ్యాసం మొత్తం ఫ్రెంచిలో ఉంటుంది, 1905లో రోమ్‌లో జరిగిన సైకాలజీ మహాసభలో చదివింది, పెర్రీ దాన్ని అనువాదం చేయకుండా అలాగే వేశాడు. పేజీలు తారుమారయ్యాయేమోనని ప్రతి వెనక్కి పంపకండి, ఫ్రెంచి రాకపోతే వదిలేయండి, అందులో చెప్పింది చాలావరకు మొదటి రెండు వ్యాసాల్లో ఉన్నదే.